ఐదు ఓట్ల కథ: జర్మన్ డెమోక్రటిక్ పార్టీ చరిత్ర (1918–1933)

గ్రూప్స్‌కు చదివే మన హాస్టల్ మిత్రులందరికీ ఒక బిట్ బాగా తెలుసు. "అత్యవసర పరిస్థితిలో ప్రాథమిక హక్కులను నిలుపుదల చేసే పద్ధతిని మన రాజ్యాంగం ఎక్కడి నుంచి గ్రహించింది?" జవాబు: జర్మనీకి చెందిన వైమార్ రాజ్యాంగం నుంచి. ఒక మార్కు. మేమూ దాన్ని ఏళ్ల తరబడి బట్టీ పట్టాం. ఒకరోజు స్టడీ అవర్‌లో ఇంటర్ చదివే తమ్ముడొకడు లేచి, "అన్నా, వైమార్ అంటే మనిషా, ఊరా?" అని అడిగాడు. మాలో ఒక్కరికీ వెంటనే నోరు పెగల్లేదు. జవాబు తెలుసుగానీ, ఆ జవాబుకు అర్థం తెలియదని ఆ రోజు తెలిసింది.

సిగ్గుపడి చదవడం మొదలుపెట్టాం. వైమార్ ఒక ఊరు. 1919లో జర్మనీ రాజ్యాంగ సభ కూర్చున్న ఊరు. అక్కడ తయారైన రాజ్యాంగానికి తొలి ముసాయిదా రాసింది ఒక చిన్న ఉదారవాద పార్టీకి చెందిన మనిషి. ఆ పార్టీ పేరు జర్మన్ డెమోక్రటిక్ పార్టీ. అది బతికింది పదిహేనేళ్లు కూడా నిండా కాదు. ఆ పదిహేనేళ్లలో అది ఒక రాజ్యాంగాన్ని నిలబెట్టడం, చివరికి అదే రాజ్యాంగాన్ని కూల్చే చట్టానికి చెయ్యెత్తడం రెండూ జరిగాయి. ఈ రెండు పనుల మధ్య ఏం జరిగిందో మన హాస్టల్ సంచిక పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

పార్టీ పుట్టుక

1914 నుంచి 1918 వరకు సాగిన మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడిపోయింది. 1918 నవంబరు 9న చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ గద్దె దిగినట్టు ప్రకటన వెలువడింది. అదే రోజు జర్మనీ రిపబ్లిక్ అయింది. అప్పటిదాకా రాజు నీడలో బతికిన రాజకీయ పక్షాలన్నీ ఏదో ఒక దారి ఎంచుకోక తప్పలేదు.

నవంబరు 16న బెర్లినర్ టాగెబ్లాట్ అనే దినపత్రికలో ఒక విజ్ఞప్తి అచ్చయింది. రిపబ్లిక్‌ను మనస్ఫూర్తిగా అంగీకరించేవాళ్లంతా కలిసి ఒక కొత్త ప్రజాస్వామిక పార్టీ పెట్టుకుందాం రండి అన్నది దాని సారాంశం. దీని వెనుక ఉన్నవాడు ఆ పత్రిక సంపాదకుడు థియోడోర్ వోల్ఫ్. సంతకాలు చేసినవారిలో శాస్త్రవేత్త ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ కూడా ఉన్నాడు. నవంబరు 20న పార్టీ ఏర్పడింది. మతగురువుగా జీవితం మొదలుపెట్టి రాజకీయాల్లోకి వచ్చిన ఫ్రీడ్రిఖ్ నౌమన్ 1919లో దానికి అధ్యక్షుడయ్యాడు. అదే సంవత్సరం ఆగస్టులో మరణించాడు. సామాజిక శాస్త్రం చదివే మిత్రులకు తెలిసిన మాక్స్ వెబర్ కూడా ఈ పార్టీవాడే.

ఉదారవాదం అంటే ఏమిటని తమ్ముళ్లు అడగవచ్చు. మనిషి పుట్టుకను బట్టి కాక మనిషిని మనిషిగా చూసే చట్టం, మాట్లాడే స్వేచ్ఛ, రాసే స్వేచ్ఛ, ప్రజలు ఎన్నుకున్న ప్రభుత్వం కావాలనే ఆలోచన అది. జర్మనీలో ఉదారవాదులు మొదటి నుంచీ రెండు పాయలు. రిపబ్లిక్‌ను నమ్మినవాళ్లు ఈ పార్టీలోకి వచ్చారు. ఇంకా రాజరికం మీద మనసున్నవాళ్లు గుస్టావ్ స్ట్రేజమన్ నాయకత్వంలో జర్మన్ పీపుల్స్ పార్టీ పెట్టుకున్నారు. పుట్టినరోజునే ఇల్లు రెండుగా చీలిందన్నమాట.

డెమోక్రటిక్ పార్టీకి ఓటు వేసింది ఎవరు? ఉపాధ్యాయులు, వకీళ్లు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, యూదు కుటుంబాలు, స్త్రీల హక్కుల కోసం పోరాడిన మహిళలు. చదువు ఉన్నవాళ్లే గానీ, వెనక సంఘబలం ఉన్నవాళ్లు కాదు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

కుర్చీ దక్కని పండితుడు

హ్యూగో ప్రాయిస్ కథ మమ్మల్ని అందరికంటే ఎక్కువగా కదిలించింది. ఆయన 1860లో బెర్లిన్‌లో పుట్టాడు. యూదుడు. న్యాయశాస్త్రంలో దిట్ట. 1889 నుంచి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. కానీ పూర్తి ప్రొఫెసర్ పదవి మాత్రం ఆయనకు ఇవ్వలేదు. యూదుడు కావడం ఒక కారణం, ప్రభుత్వానికి నచ్చని రాజకీయ అభిప్రాయాలు ఉండటం ఇంకో కారణం. చివరికి 1906లో బెర్లిన్‌లో కొత్తగా పెట్టిన వాణిజ్య కళాశాలలో ఆయనకు ప్రొఫెసర్ ఉద్యోగం దొరికింది.

అర్హత ఉండి కూడా పుట్టుక కారణంగా గుమ్మం బయట నిలబడటం అంటే ఏమిటో ఈ సంచిక చదివేవారికి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

1918 నవంబరులో కొత్త ప్రభుత్వాధినేత ఫ్రీడ్రిఖ్ ఎబెర్ట్ రాజ్యాంగ ముసాయిదా రాసే పనిని ఈ ప్రాయిస్‌కే అప్పగించాడు. పెద్ద విశ్వవిద్యాలయం కుర్చీ ఇవ్వని మనిషి చేతికి దేశం తన రాజ్యాంగాన్ని ఇచ్చింది.

వైమార్‌లో ఏం జరిగింది

1919 జనవరి 19న రాజ్యాంగ సభకు ఎన్నికలు జరిగాయి. ఇరవై ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటు. దేశమంతటి ఎన్నికల్లో జర్మన్ స్త్రీలు మొట్టమొదటిసారి ఓటు వేశారు. డెమోక్రటిక్ పార్టీకి 18.5 శాతం ఓట్లు, 75 సీట్లు వచ్చాయి. సభలో అది మూడో పెద్ద పార్టీ. మహిళా ఉద్యమ నాయకురాలు గెర్ట్రూడ్ బాయిమర్ ఈ పార్టీ తరఫునే సభలో అడుగుపెట్టింది.

బెర్లిన్‌లో వీధి పోరాటాలు జరుగుతుండటంతో ఫిబ్రవరి 6న సభ వైమార్ పట్టణంలోని నాటకశాలలో కూర్చుంది. సోషల్ డెమోక్రాట్లు, క్యాథలిక్కుల సెంటర్ పార్టీ, డెమోక్రటిక్ పార్టీ కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి. జులై 31న రాజ్యాంగం 262 ఓట్లతో ఆమోదం పొందింది. వ్యతిరేకంగా 75 ఓట్లు వచ్చాయి. ఆగస్టు 11న ఎబెర్ట్ దానిపై సంతకం చేశాడు.

ఆ కాలానికి అది ఎంతో ముందడుగు. రాజ్యాధికారం ప్రజల నుంచే వస్తుందని మొదటి అధికరణంలోనే రాసుకున్నారు. స్త్రీ పురుషులకు సమానంగా పౌర హక్కులు ఇచ్చారు. వాక్ స్వాతంత్ర్యం, సభలు పెట్టుకునే హక్కు, సంఘాలు పెట్టుకునే హక్కు అన్నీ అందులో ఉన్నాయి.

ఆర్టికల్ 48

అదే రాజ్యాంగంలో 48వ అధికరణం కూడా ఉంది. దేశంలో శాంతిభద్రతలకు పెద్ద ముప్పు వస్తే అధ్యక్షుడు సైన్యాన్ని దించవచ్చు. ఏడు ప్రాథమిక హక్కులను తాత్కాలికంగా పక్కన పెట్టవచ్చు. వ్యక్తి స్వేచ్ఛ, ఇంటి రక్షణ, ఉత్తరాల గోప్యత, భావ ప్రకటన, సమావేశం, సంఘం, ఆస్తి. ఇవే ఆ ఏడు. పార్లమెంటు అడిగితే ఆ ఉత్తర్వును రద్దు చేయాలి. మిగతా వివరాలు ఒక ప్రత్యేక చట్టంలో రాసుకుందామన్నారు.

ఆ ప్రత్యేక చట్టం ఎప్పుడూ రాలేదు. తలుపు పెట్టారు, గొళ్లెం తర్వాత బిగిద్దామనుకున్నారు, ఇక బిగించనే లేదు.

రాసినవాళ్లు చెడ్డవాళ్లు కారు. వీధుల్లో తుపాకులు మోగుతున్న రోజుల్లో కొత్త రిపబ్లిక్‌ను కాపాడుకోవాలనే వాళ్ల తపన. మొదటి అధ్యక్షుడు ఎబెర్ట్ ఈ అధికారాన్ని వందకు పైగా సార్లు వాడాడు. ఎక్కువగా రిపబ్లిక్‌ను కాపాడటానికే వాడాడు. అయితే ఆయుధానికి యజమాని ఎవరో తెలియదు కదా. ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాటే వింటుంది.

కరిగిపోయిన బలం

ఇప్పుడు ఈ అంకెలు ఒకసారి చూడండి. ఇవి పార్టీకి వచ్చిన ఓట్లు, సీట్లు.

1919 జనవరి: 18.5 శాతం, 75 సీట్లు
1920 జూన్: 8.3 శాతం, 39 సీట్లు
1924 మే: 5.7 శాతం, 28 సీట్లు
1924 డిసెంబరు: 6.3 శాతం, 32 సీట్లు
1928 మే: 4.8 శాతం, 25 సీట్లు
1930 సెప్టెంబరు: 3.8 శాతం, 20 సీట్లు
1932 జులై: 1 శాతం, 4 సీట్లు
1932 నవంబరు: 1 శాతం లోపు, 2 సీట్లు

ఎందుకిలా జరిగింది? మాకు అర్థమైన కారణాలు నాలుగు.

మొదటిది, వెర్సాయ్ ఒప్పందం. 1919 జూన్ 28న జర్మనీ సంతకం చేసిన ఈ ఒప్పందాన్ని జనం అవమానంగా భావించారు. ఒప్పందాన్ని వ్యతిరేకించి డెమోక్రటిక్ పార్టీ ప్రభుత్వంలోంచి బయటికి వచ్చింది, అక్టోబరులో మళ్లీ చేరింది. అయినా రిపబ్లిక్‌తో పాటు నింద దానికీ అంటుకుంది. మధ్యతరగతి ఓటరు స్ట్రేజమన్ పార్టీ వైపు జరిగాడు.

రెండవది, హత్యా రాజకీయం. ఈ పార్టీ సభ్యుడు వాల్టర్ రాథెనౌ 1922లో విదేశాంగ మంత్రి అయ్యాడు. యూదుడు మంత్రి కావడం మితవాద తీవ్రవాదులకు గిట్టలేదు. 1922 జూన్ 24న బెర్లిన్‌లో కారులో ఆఫీసుకు వెళ్తుండగా ఆయనను కాల్చి చంపారు.

మూడవది, 1923 నాటి ద్రవ్యోల్బణం. ఆ ఏడాది నవంబరులో ఒక్క అమెరికా డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులు. జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఒక రొట్టెకు కూడా చాలలేదు. ఈ పార్టీ ఓటర్లే ఆ చిన్న పొదుపుదారులు. వాళ్ల ఇల్లు కూలింది, దాంతో పాటు పార్టీ పునాది కూలింది. కార్మికులకు యూనియన్లు ఉన్నాయి, క్యాథలిక్కులకు చర్చి ఉంది. వీళ్లకు మాత్రం పట్టుకోవడానికి ఏ ఊతమూ లేదు.

నాలుగవది, లోపలి కీచులాటలు. పాత రాజవంశాల ఆస్తుల విషయంలో 1926లో వచ్చిన వివాదంతో ఆర్థికవేత్త యాల్మార్ షాఖ్ట్ పార్టీ విడిచాడు. తర్వాతి కాలంలో ఆయన హిట్లర్‌కు మంత్రి అయ్యాడు. అదే ఏడాది అశ్లీల సాహిత్య నియంత్రణ పేరుతో వచ్చిన చట్టాన్ని పార్టీలో కొందరు సమర్థించడంతో, పార్టీకి నాంది పలికిన థియోడోర్ వోల్ఫ్ కూడా వెళ్లిపోయాడు.

1930లో వేసిన తప్పటడుగు

ఓట్లు తగ్గుతుంటే నాయకులకు కంగారు పుట్టింది. అధ్యక్షుడు ఎరిక్ కోఖ్-వేజర్ 1930 జులైలో యంగ్ జర్మన్ ఆర్డర్ అనే జాతీయవాద సంస్థ రాజకీయ విభాగంతో చేతులు కలిపాడు. పార్టీ పేరును స్టేట్ పార్టీగా మార్చాడు. ఆ సంస్థ యూదులను సభ్యులుగా చేర్చుకోదు. అప్పటిదాకా ఏ గుమ్మంలోనూ చోటు లేని యూదులకు చోటిచ్చిన పార్టీ ఇది. ప్రాయిస్ పార్టీ, రాథెనౌ పార్టీ. నాలుగు ఓట్ల కోసం తనను నమ్మిన వాళ్ల చేయి వదిలింది.

1927లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న లుడ్విగ్ క్విడ్డె వంటి వాళ్లు పార్టీకి దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. ఇంతా చేస్తే ఆ సెప్టెంబరులో వచ్చింది 3.8 శాతం. ఎన్నికలు ముగిసిన కొద్ది వారాలకే పొత్తు కూడా చెడింది. పాత మిత్రులు పోయారు, కొత్త మిత్రులు నిలవలేదు.

అదే ఎన్నికల్లో హిట్లర్ పార్టీకి 18.3 శాతం ఓట్లు, 107 సీట్లు వచ్చాయి. 1919లో డెమోక్రటిక్ పార్టీకి వచ్చిన శాతానికి దాదాపు సమానం. పదకొండేళ్లలో దేశం మనసు ఎటు నుంచి ఎటు తిరిగిందో ఈ రెండు అంకెలు చాలు.

అప్పటికే ఛాన్సలర్ బ్రూనింగ్ పార్లమెంటును పక్కనపెట్టి 48వ అధికరణం కింద ఉత్తర్వులతో పాలన సాగిస్తున్నాడు. ఆ ప్రభుత్వంలో ఆర్థిక మంత్రి స్టేట్ పార్టీకి చెందిన హెర్మన్ డీట్రిచ్. 1932లో పార్లమెంటు చేసిన చట్టాలు 5. అత్యవసర ఉత్తర్వులు 60కి తగ్గవు. హిట్లర్ రాకముందే దేశం చట్టసభ లేకుండా బతకడం అలవాటు చేసుకుంది.

1933 మార్చి 23

1933 జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. ఫిబ్రవరి 27 రాత్రి పార్లమెంటు భవనం తగలబడింది. మర్నాడే 48వ అధికరణం కింద ఆ ఏడు హక్కులనూ నిలుపుదల చేశారు. మనం ఒక మార్కు కోసం బట్టీ పట్టిన వాక్యం నిజ జీవితంలో ఇదీ.

మార్చి 5 ఎన్నికల్లో స్టేట్ పార్టీకి ఒక శాతం లోపే ఓట్లు వచ్చినా, సోషల్ డెమోక్రాట్లతో కలిపి జాబితా పెట్టడం వల్ల 5 సీట్లు దక్కాయి. మార్చి 23న క్రోల్ ఒపేరా హౌస్‌లో సభ కూర్చుంది. పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకునే అధికారం ఇవ్వాలన్నది హిట్లర్ పెట్టిన బిల్లు. లోపలా బయటా నాజీ దళాలు నిలబడ్డాయి. కమ్యూనిస్టు సభ్యులను రానివ్వలేదు.

ఐదుగురు: హెర్మన్ డీట్రిచ్, థియోడోర్ హాయిస్, హైన్రిఖ్ లాండాల్, ఎర్నెస్ట్ లెమ్మర్, రైన్‌హోల్డ్ మాయర్. తమలో తాము చర్చించుకున్నప్పుడు డీట్రిచ్, హాయిస్ ఇద్దరూ వ్యతిరేకిద్దామన్నారు. మిగతా ముగ్గురూ వద్దన్నారు. అందరం ఒకే మాట మీద ఉందామని చివరికి ఐదుగురూ అనుకూలంగా ఓటు వేశారు. కొన్ని విషయాల్లో తమకు సందేహాలు ఉన్నాయంటూనే మద్దతు ఇస్తున్నామని మాయర్ సభలో చెప్పాడు.

ఫలితం 444 అనుకూలం, 94 వ్యతిరేకం. ఆ 94 మందీ సోషల్ డెమోక్రాట్లు. ఓటు వేసిన ఐదుగురికీ ఏం మిగిలింది? జూన్ 28న వాళ్ల పార్టీ తనను తాను రద్దు చేసుకుంది. జులైలో వాళ్ల సీట్లు కూడా పోయాయి. లొంగినందుకు దక్కిన గడువు మూడు నెలలు.

తర్వాతి కథ

యుద్ధం ముగిశాక ఆ ఐదుగురిలో కొందరు తిరిగి రాజకీయాల్లోకి వచ్చారు. మాయర్ 1945లో ఒక రాష్ట్రానికి ముఖ్యమంత్రి స్థాయి పదవి చేపట్టాడు. 1947లో ఆ రాష్ట్ర శాసనసభే ఒక విచారణ సంఘం వేసి ఆ పాత ఓటు గురించి సమాధానం అడిగింది. 1948 డిసెంబరులో హెప్పెన్‌హైమ్ పట్టణంలో రెండు పాయల ఉదారవాదులూ ఒక్కటై ఫ్రీ డెమోక్రటిక్ పార్టీ పెట్టారు. దాని తొలి అధ్యక్షుడు హాయిస్. కొత్త రాజ్యాంగం రాసిన సభలో ఆయన సభ్యుడు. 1949 సెప్టెంబరు 12న పశ్చిమ జర్మనీ తొలి రాష్ట్రపతి అయ్యాడు. ఆ "అవును" అనే ఓటును తన జీవితకథలోంచి చెరిపివేయలేనని ఆయన తన జ్ఞాపకాల్లో ఒప్పుకున్నాడు.

1949 మే 23న ప్రకటించిన ఆ కొత్త రాజ్యాంగం పాత పాఠాలు నేర్చుకుంది. మానవ గౌరవాన్ని మొదటి అధికరణంలో పెట్టి, దాని మూలసూత్రాన్ని ఏ సవరణా ముట్టుకోకూడదని రాసుకుంది. ఫ్రీ డెమోక్రటిక్ పార్టీ చాలా కాలం సంకీర్ణ ప్రభుత్వాల్లో భాగస్వామిగా ఉంది. 2025 ఫిబ్రవరి ఎన్నికల్లో 4.3 శాతమే వచ్చి, సీట్లకు కావలసిన 5 శాతం అందక పార్లమెంటుకు దూరమైంది.

మన దేశంలో ఇదే ప్రశ్న

డాక్టర్ అంబేడ్కర్‌కు జర్మనీ తెలియని దేశం కాదు. 1921లో ఆయన బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకున్నారు. ఎంత మంచి రాజ్యాంగమైనా దాన్ని నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే చెడిపోతుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో ఆయన హెచ్చరించింది మనకు తెలుసు. ఆ మాటకు వైమార్ కంటే పెద్ద ఉదాహరణ మాకు కనిపించలేదు.

మన దేశంలోనూ 1975 జూన్ 25 నుంచి 1977 మార్చి 21 వరకు ఎమర్జెన్సీ నడిచింది. ఆ కాలంలో హక్కులు నిలుపుదల చేస్తే, అక్రమంగా జైల్లో పెట్టినవాడు కోర్టు మెట్లు ఎక్కవచ్చా అన్న ప్రశ్న సుప్రీం కోర్టుకు వచ్చింది. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తుల్లో నలుగురు ఎక్కకూడదన్నారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. దాంతో ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. 1977లో రాజీనామా చేశారు. 1978లో 44వ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీలో కూడా 20, 21 అధికరణాలను నిలుపుదల చేయకూడదని రాశారు. 2017లో సుప్రీం కోర్టు ఆ పాత తీర్పు తప్పని చెప్పింది.

మా చర్చ

ఇదంతా చదివాక ఒక రాత్రి మాలో మాకే వాదన పడింది. కొందరు అన్నారు, "ఐదు ఓట్లు తీసేసినా 439 ఉంటాయి. మూడింట రెండు వంతులకు 359 చాలు. వాళ్లు కాదన్నా చట్టం ఆగేది కాదు. ప్రాణాలు పోగొట్టుకోవడం ఎందుకు?" లెక్క తప్పు కాదు. భయం కూడా అబద్ధం కాదు.

ఇంకొందరు అన్నారు, "ఖన్నా గారి ఓటుతో కూడా ఆ రోజు తీర్పు మారలేదు. కానీ నలభై ఏళ్ల తర్వాత పట్టుకోవడానికి ఒక కాగితం మిగిలింది. జర్మనీలో ఆ 94 మంది మిగిల్చారు. ఈ ఐదుగురు మిగల్చలేదు."

తెల్లారేదాకా తేలలేదు. ఒక్క విషయంలో మాత్రం అందరం ఒప్పుకున్నాం. ఆ ఐదుగురు తప్పు చేసింది మార్చి 23 ఒక్కరోజే కాదు. గొళ్లెం బిగించనప్పుడు, ఉత్తర్వుల పాలనకు అలవాటు పడినప్పుడు, 1930లో తనను నమ్మినవాళ్ల చేయి వదిలినప్పుడు, ఒక్కొక్క మెట్టు దిగుతూ వచ్చారు. చివరి మెట్టు మీద నిలబడ్డాక ఎదురు తిరగడానికి బలం మిగల్లేదు.

మన హాస్టల్, మన స్కాలర్‌షిప్, మన చదువు వెనుక 46వ అధికరణం ఉంది. అది ఎవరి దయా కాదు, రాసుకున్న మాట. రాసుకున్న మాట దానంతట అది నిలబడదని వైమార్ చెబుతోంది. అందుకే, ఆ తమ్ముడికి మా జవాబు ఇది: వైమార్ అంటే ఊరే తమ్ముడూ. కానీ ఒక్క మార్కు ఊరు కాదు.

తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆలోచించవలసిన ప్రశ్నలు

1. 48వ అధికరణానికి, మన 44వ సవరణ తర్వాతి ఎమర్జెన్సీ నిబంధనలకు తేడాలు రాయండి.
2. డెమోక్రటిక్ పార్టీ ఓట్లు తగ్గడానికి గల నాలుగు కారణాల్లో మీ దృష్టిలో ముఖ్యమైనది ఏది? ఎందుకు?
3. ఆ ఐదుగురి స్థానంలో మీరుంటే ఏం చేసేవారు? నిజాయితీగా రాయండి. దీనికి మార్కులు లేవు.